లిండెన్ దుంగలో వ్యాకుల మాత: ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి: దుంగ ఎంపిక

దక్షిణ జర్మనీలో పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో చెక్కిన క్రైస్తవ భక్తి శిల్పాల పనితీరును చేతులతో చేసి తెలుసుకోవాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. శిలువ కింద నిలబడిన వ్యాకుల మాతను, అంటే కొడుకు యేసు మరణానికి దుఃఖిస్తున్న మరియమ్మను, అరవై సెంటీమీటర్ల ఎత్తున, లిండెన్ అనే చెట్టు ఒకే దుంగలోంచి తీయాలని నిర్ణయించుకున్నాను. ఇది ఏ ఒక్క విగ్రహానికీ నకలు కాదు. ఆ కాలపు శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ కార్ఖానాలో పని ఏ వరుసలో సాగేదో ఆ వరుసను, అక్కడి పరికరాలకు దగ్గరగా ఉండే పరికరాలతో అనుసరించి, ఒక్కొక్క దశలో చెక్క ఏమి అడుగుతుందో గమనించి రాసుకోవడమే నా పని.

నేను నివసించే చోటు వుర్ట్స్‌బుర్గ్‌కు దగ్గర. రీమెన్‌ష్నైడర్ 1460 ప్రాంతంలో తురింగియాలోని హైలిగెన్‌ష్టాట్‌లో పుట్టి, 1483లో ఈ నగరానికి వచ్చి, 1485లో ఒక కంసాలి వితంతువును పెళ్లాడి ఉస్తాదు హోదా పొంది, 1531లో చనిపోయేవరకూ ఇక్కడే ఉన్నాడు. నగరం పైన కొండమీద ఉన్న మరీన్‌బెర్గ్ కోటలోని మ్యూజియంలో ఆయన శిల్పాల అతి పెద్ద సంకలనం ఉంది. వాటిని ఎదురుగా నిలబడి చూడటం అందరూ చేసేదే. ఈ పని మొదలుపెట్టాలని అనుకున్నప్పటినుంచీ నేను వాటిని పక్కనుంచి, వీలైనంత వెనకనుంచి చూడటం అలవాటు చేసుకున్నాను. చాలా విగ్రహాలకు వీపు ఉండదు. భుజాలనుంచి పాదాలదాకా లోపల తొలిచి, దోనెలాంటి ఖాళీని వదిలేశారు. ఆ ఖాళీ ఎందుకున్నదో అర్థమైతేగాని ముందువైపు మడతలు ఎందుకు అలా ఉన్నాయో అర్థం కాదని నా నమ్మకం.

ఆ కాలపు శిల్పులు తమ చుట్టుపక్కల దొరికే చెట్టునే వాడారు. నెదర్లాండ్స్‌లోనూ రైన్ నది దిగువ ప్రాంతాల్లోనూ ఓక్ చెక్క వాడకం ఎక్కువ. వుర్ట్స్‌బుర్గ్ ఉన్న ఫ్రాంకోనియాలోనూ, స్వాబియా, బవేరియా ప్రాంతాల్లోనూ మాత్రం లిండెన్‌దే రాజ్యం. ఇది ఘనమీటరుకు దాదాపు 530 కిలోలు తూగే తేలికపాటి చెక్క. సూక్ష్మరంధ్రాలు వలయమంతటా సమానంగా పరచుకుని ఉండటంతో వసంతకాలంలో పెరిగిన చెక్కకూ వేసవిలో పెరిగిన చెక్కకూ గట్టిదనంలో పెద్ద తేడా కనిపించదు. ఉలి ఏ దిశలో నడిచినా చెక్క ఇంచుమించు ఒకేలా తెగుతుంది. ఓక్ చెక్కలో వసంతకాలపు వలయం మెత్తగా, వేసవి వలయం గట్టిగా ఉండి ఉలి ఎగిరిపడుతుంది. లిండెన్‌లో ఆ బాధ లేదు. కనురెప్ప అంచును అర మిల్లీమీటరు మందాన నిలపగలగడం ఈ చెక్క ఇచ్చిన వరం.

అయితే లిండెన్ బాగా కుదించుకుపోయే చెక్క. పచ్చి దుంగ ఆరేటప్పుడు వలయాల వెంబడి జరిగే కుదింపు, మధ్యనుంచి బెరడు వైపుగా జరిగే కుదింపుకంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అందువల్ల గుండ్రటి దుంగను అలాగే వదిలేస్తే బెరడునుంచి నడిబొడ్డుదాకా లోతైన బీట తీయక తప్పదు. ఆనాటి శిల్పులు దుంగను నిలువునా చీల్చి, నడిమి బొడ్డు విగ్రహం వెనకవైపుకు వచ్చేటట్లు పెట్టి, దానిని పూర్తిగా తొలగించేవారు. నేనూ అలాగే చలికాలంలో కొట్టిన చెట్టునుంచి సగానికి చీల్చిన ముక్కను తీసుకున్నాను. రెండు కొసలకూ మైనం పూసి, ఎండ తగలని కొట్టంలో ఉంచాను. పూర్తిగా ఆరిన చెక్కకంటే కొంత చెమ్మ ఉన్న చెక్కే మెత్తగా తెగుతుంది. పెద్ద పనికి ఆనాటివారు వాడినదీ అటువంటి చెక్కేనని విగ్రహాల మీద మిగిలిన గుర్తులు చెబుతున్నాయి.

మార్చి: పడుకోబెట్టి చెక్కడం

చెక్క విగ్రహాన్ని నిలబెట్టి చెక్కరు. ఆనాటి కార్ఖానాల్లో దుంగను అడ్డంగా, తల ఒక కొసన, పాదాలు మరో కొసన ఉండేటట్లు ఒక బల్లమీద రెండు ఇనుప మొనల నడుమ బిగించేవారు. మొనల నడుమ దుంగను కావలసిన వైపుకు తిప్పి, మళ్లీ బిగించి చెక్కేవారు. ఈ బిగింపు వల్ల విగ్రహం నడినెత్తిన ఒక గుండ్రటి రంధ్రం మిగిలిపోతుంది. పని పూర్తయ్యాక దానిలో చిన్న చెక్కబిరడా కొట్టి మూసేవారు. నేటికీ అనేక విగ్రహాల నెత్తిన ఆ బిరడానో, అది ఊడిపోయిన రంధ్రాన్నో చూడవచ్చు.

నాకు కావలసిన బల్లను బీచ్ చెక్క దిమ్మెలతో స్వయంగా కట్టుకున్నాను. తల వైపు ఒక మొన, పాదాల వైపు దుంగ తిరగకుండా పట్టుకునే రెండు మొనలు పెట్టాను. నెత్తిమీద నాలుగు సెంటీమీటర్ల అదనపు చెక్కను వదిలితే రంధ్రం పడకుండా తప్పించుకోవచ్చు. కానీ పాత పద్ధతిలో తల పైభాగమే దుంగ కొస కనుక నేనూ అలాగే ఉంచాను. వ్యాకుల మాత తలమీద ముసుగు ఉంటుంది. బిరడా ఆ ముసుగులో కలిసిపోతుంది.

తొలి కోతలు గొడ్డలితోనూ బాడిసతోనూ సాగాయి. దుంగ ముందుతలం మీద బొగ్గుతో నిలువు రేఖ గీసి, తల దానికి కొంచెం ఎడమగా, తుంటి కుడిగా, బరువు మోసే పాదం మళ్లీ ఎడమగా వచ్చేటట్లు వంపును గుర్తించాను. ఆ వంపు ఎంత ఉండాలన్నది దుంగ వెడల్పే నిర్ణయిస్తుంది. సగం దుంగ అర్ధచంద్రాకారంలో ఉంటుంది కనుక నడుమ లోతు ఎక్కువ, అంచుల్లో లోతు తక్కువ. ముందుకు పొడుచుకువచ్చే మోకాలును, చేతులను నడిమి భాగంలోనే పెట్టాలి. భుజాలు అంచులకు వచ్చేసరికి వెనక్కు వాలక తప్పదు. రీమెన్‌ష్నైడర్ విగ్రహాల భుజాలు సన్నగా, కిందికి జారినట్లు ఉండటాన్ని చాలామంది ఆ కాలపు సౌందర్యదృష్టిగా వర్ణిస్తారు. అది నిజమే కావచ్చు. కానీ సగం దుంగ మీద బాడిస పట్టి నిలబడ్డవాడికి ఆ భుజాలు చెక్కలోనే ఉన్నట్లు కనిపిస్తాయి.

పడుకోబెట్టి చెక్కడంలో ఉన్న చిక్కేమిటంటే, శిల్పి చూసే కోణం భక్తుడు చూసే కోణం కాదు. ముఖం నా చేతి కింద పైకప్పును చూస్తూ ఉంటుంది, వెలుతురు కిటికీనుంచి పక్కగా పడుతుంది. అందుకని ప్రతి దశలోనూ దుంగను బల్లనుంచి విప్పి, గోడ వారన ఎత్తు పీటమీద నిలబెట్టి, కిందనుంచి చూసి, మళ్లీ బిగించడం తప్పనిసరి. బరువైన పెద్ద విగ్రహాల విషయంలో ఇది ఇద్దరు ముగ్గురు సహాయకుల పని. ఉస్తాదు ఒక్కడే చేసే పని కాదని, అది కార్ఖానా శ్రమ అని ఇక్కడే తెలిసిపోతుంది.

ఏప్రిల్: వెనకభాగం

ముందువైపు స్థూలరూపం రాగానే దుంగను బోర్లా తిప్పి వెనక తొలవడం మొదలుపెట్టాను. ముందువైపు నునుపు పని పూర్తి చేశాక తొలుద్దామని ఆగితే ఆలోగా చెక్క ఆరిపోయి బీట తీస్తుంది. అందువల్ల తొలిచే పని మధ్యలోనే జరగాలి. వెడల్పాటి వంపు ఉలితోనూ కొయ్యసుత్తితోనూ నారకు అడ్డంగా కొడుతూ, పేళ్లు పెద్దవిగా ఊడేటట్లు లోపలికి వెళ్లాను. బొడ్డు చుట్టూ ఉన్న వలయాలన్నీ పోయాక మిగిలింది బయటి వలయాల అర్ధచంద్రమే. ఇప్పుడు చెక్క ఆరినా, వెనక తెరిచి ఉంది కనుక, ఒక పక్క తెగిన చేతిగాజులాగా కొద్దిగా ముడుచుకోగలదు, ముందువైపు చీలనక్కరలేదు. బరువు తగ్గడం రెండో లాభం. ఎత్తైన పూజాపీఠం మందసంలో, అంటే విగ్రహాలుంచే పెట్టెలాంటి అరలో, నిలపవలసిన నిలువెత్తు విగ్రహానికి అదీ చిన్న విషయం కాదు.

లోపలి గోడ మందం ఎక్కడా మూడు సెంటీమీటర్లకు మించకుండా, ఎక్కడా ఒకటిన్నరకు తగ్గకుండా ఉంచాలని అనుకున్నాను. ఈ నియమం పెట్టుకున్న మరుక్షణంనుంచి ముందు వెనకలు ఒకే పని అయ్యాయి. ముందువైపు పైవస్త్రం మడతలో లోయ లోతుగా దిగాలంటే వెనక అదే చోట తక్కువ తొలవాలి. వెనక ఇప్పటికే తొలిచేసిన చోట ముందు లోయ లోతు తగ్గాలి. వంకర కాళ్ల కొలకర్రతో మందాన్ని మాటిమాటికీ కొలుస్తూ, పలుచబడిన చోట్ల వెనకనుంచి ఎర్రసుద్దతో గుర్తు పెట్టుకున్నాను. చర్చిలో మోకరిల్లినవారికి ఎన్నడూ కనబడని ఆ ఖాళీయే, వారికి కనబడే ప్రతి నీడకూ హద్దు గీస్తున్నది. ఈ ప్రాజెక్టులో ఇంతవరకు నాకు దక్కిన అతి విలువైన అవగాహన ఇదే.

వెనక ఉలి దెబ్బలను నునుపు చేయలేదు. ఆనాటివారూ చేయలేదు. మందసంలో గోడకు ఆనించి నిలిపే విగ్రహానికి ఆ శ్రమ అనవసరం. విగ్రహం చుట్టూ తిరిగి చూసే వీలున్నచోట మాత్రం వెనక ఒక పలకను చెక్కి మూసేవారు.

ఇక్కడ కొండపల్లి బొమ్మలు చేసేవారి పద్ధతి గుర్తుచేసుకోకుండా ఉండలేను. వారి తెల్లపొణికి కర్ర లిండెన్‌కంటే తేలిక. చెమ్మ సమస్యను వారు మరో దారిలో పరిష్కరించారు: కర్రను ముందే ఎండబెట్టి, సన్నని సెగ మీద మిగిలిన తేమను తీసేసి, చేతులు, తల, తలపాగా వంటివి విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అరచేతిలో ఇమిడే బొమ్మకు అది సరిగ్గా కుదిరే దారి. మనిషి ఎత్తు విగ్రహానికి అంత చెక్కను సెగతో ఆరబెట్టడం సాధ్యం కాదు కనుక ఫ్రాంకోనియా శిల్పి దుంగను లోపలనుంచి ఖాళీ చేసి ఆరనిచ్చాడు.

ఎడమ భుజం కింద, పైకి ఏ ఆనవాలూ లేనిచోట, ఒక ముడి బయటపడింది. చెట్టు బాల్యంలో విరిగిన కొమ్మ చుట్టూ తరవాతి వలయాలు కప్పేసిన ముడి అది. ముడిని చతురస్రంగా తొలిచి, అదే దుంగనుంచి తీసిన ముక్కను నార దిశ, వలయాల వంపు కలిసేటట్లు అమర్చి, చర్మపు జిగురుతో అతికించాను. పాత విగ్రహాల్లో ఇటువంటి అతుకులు మామూలే. రంగు వేయబోయే విగ్రహమైతే అతుకు మీద నారగుడ్డ అంటించి సుద్దపూత పూసేస్తారు. ఇక అది ఎవరికీ కనిపించదు. రంగు వేయకుండా చెక్కగానే వదిలే విగ్రహంలో ప్రతి అతుకూ కనిపిస్తుంది. కాబట్టి రంగులేని శిల్పం చేసేవాడు దుంగను మరింత జాగ్రత్తగా ఎంచుకోవాలి, పనివాళ్లను మరింత గట్టిగా పట్టి ఉంచాలి. రంగు లేకపోవడం ఖర్చు తగ్గించుకునే దారి మాత్రమే అనేవారు ఈ విషయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

మే, జూన్: మడతలు

చెక్క వెనకనుంచి ఊపిరి తీసుకోవడం మొదలయ్యాక ముందువైపు తిరిగి చేపట్టాను. ఈ రెండు నెలలూ దుస్తుల మడతలకే సరిపోయాయి.

1400 ప్రాంతపు ‘సుందర మరియమ్మ’ విగ్రహాల్లో వస్త్రం మెత్తగా, పొడవైన వంపులుగా, ఒకదాని కింద ఒకటి గిన్నెల్లా వేలాడే మడతలతో ఉంటుంది. మరో రెండు తరాలు గడిచేసరికి ఆ మెత్తదనం పోయింది. గుడ్డ బరువుగా, బిరుసుగా మారి, వంగవలసిన చోట విరుగుతుంది; విరిగిన చోట పదునైన మూలలు, త్రికోణాకారపు గుంటలు ఏర్పడతాయి. నా విగ్రహంలో మాత పైవస్త్రాన్ని కుడిచేతి కిందుగా లాగి ఎడమ చంకలో నొక్కి పెట్టినట్లు ఊహించాను. అప్పుడు నడుమునుంచి మోకాలివరకు ఏటవాలు మడతలు వస్తాయి, మోకాలి కింద గుడ్డ నేలమీద పడి విరుగుతుంది. ఇంట్లో ఉన్న దళసరి ఉన్ని దుప్పటిని ఒక కొయ్య చట్రం మీద కప్పి ఆ విరుపులను గీసుకున్నాను. చట్రం మీది దుప్పటినే అచ్చంగా చెక్కితే శిల్పం నిలవదు. గుడ్డలో ఉన్న అనేక మడతల్లోంచి మూడు నాలుగింటిని ఎంచి, మిగిలినవాటిని వదిలేయడంలోనే పనితనం ఉంది.

ఏది ఎంచాలో చెప్పేది మళ్లీ చెక్కే. నిలువునార వెంబడి పోయే మడత శిఖరాన్ని ఎంత పలుచగా తీసినా అది నిలుస్తుంది. నారకు అడ్డంగా పోయే శిఖరాన్ని అంతే పలుచగా తీస్తే చిటుక్కున ఊడుతుంది. అందుకే ఈ విగ్రహాల్లో పొడవైన సన్నని అంచులన్నీ పైనుంచి కిందికి జారుతాయి, అడ్డంగా పోయేవి పొట్టిగా, మందంగా, ఒక మూలతో ఆగిపోతాయి. ఆ విరుపులు చూసేవారి మనసులో కలిగించే కలతకు మూలం కొంతవరకు చెక్క నారలోనే ఉందని చెప్పడం వల్ల శిల్పి ప్రతిభ తగ్గదు. చెక్క విధించిన హద్దును దుఃఖానికి భాషగా మలచుకోవడం ఆయన గొప్పతనం.

ఉలి పదును గురించి ఒక మాట రాసుకోవాలి. లిండెన్ మెత్తని చెక్క కనుక పదును తక్కువైనా తెగుతుందని అనుకోవడం పొరపాటు. పదును తగ్గిన ఉలి ఈ చెక్కను కోయదు, నలుపుతుంది. నలిగినచోట నార లేచి తెల్లగా, పొడిగా కనిపిస్తుంది. చక్కగా పదును పెట్టిన ఉలి వెళ్లిన దారి మాత్రం పట్టులా మెరుస్తుంది. ఆ మెరుపును గరుకు కాగితంతో తెచ్చుకోలేము, తెచ్చుకోబోతే ఉన్నదీ పోగొట్టుకుంటాము. అందువల్ల తుదిరూపం మొత్తం ఉలి కోతలతోనే ముగించాలని నిశ్చయించుకున్నాను. సానరాయి మీద, ఆ తరవాత తోలు పట్టీ మీద గడిపే సమయం చెక్కే సమయానికి ఏమీ తీసిపోదు.

వెలుతురును లెక్కపెట్టుకోవడం ఈ దశలోనే నేర్చుకున్నాను. రోటెన్‌బుర్గ్‌లోని సెయింట్ యాకోబు చర్చిలో ఉన్న పరిశుద్ధ రక్త పూజాపీఠాన్ని చూసి వచ్చాక, కార్ఖానా కిటికీకి తెర కట్టి విగ్రహం మీద పడే వెలుగును మార్చుతూ పనిచేయడం మొదలుపెట్టాను. ఆ పీఠం మందసాన్ని వడ్రంగి ఎర్హార్ట్ హార్ష్నర్ 1499లో మొదలుపెట్టాడు. విగ్రహాల పనిని 1501లో రీమెన్‌ష్నైడర్‌కు అప్పగించారు. కడరా భోజన దృశ్యం వెనక మందసానికి చిన్న గాజు కిటికీలు ఉన్నాయి. అంటే అపొస్తలుల మీద వెలుగు ముందునుంచే కాక వెనకనుంచి కూడా పడుతుంది. లోతుగా తొలిచిన మడతలు, విడివిడిగా తీసిన జుట్టు పాయలు ఆ వెనక వెలుగు కోసమే అన్నట్లు ఉంటాయి. సాధారణంగా క్రీస్తు ఉండే నడిమి స్థానంలో అక్కడ ఆయనను శత్రువులకు పట్టించిన యూదా నిలబడి ఉండటం, అతని విగ్రహాన్ని విడిగా తీసే వీలుండటం, తీసినప్పుడు క్రీస్తు ఒడిలో వాలిన యోహాను పూర్తిగా కనిపించడం గురించి ఎంత రాసినా తక్కువే. కానీ నా పనికి సంబంధించినంతవరకు అక్కడినుంచి తెచ్చుకున్నది ఒక్కటే: నీడను చెక్కితే సరిపోదు, ఆ నీడకు వెలుగు ఎటునుంచి వస్తుందో ముందే తేల్చుకోవాలి. నా విగ్రహానికి వెలుగు ఎడమ పైనుంచి వస్తుందని నిర్ణయించి, కుడివైపు లోయలను కాస్త లోతుగా, ఎడమవైపు లోయలను విశాలంగా తీశాను.

జులై: చేతులు, ముఖం

చేతులు ముందు చేశాను. జోడించిన చేతులు ఛాతీకి దగ్గరగా ఉంటే వాటిని అదే దుంగలోంచి తీయవచ్చు. ముందుకు చాచిన ముంజేతిని మాత్రం విడిగా చెక్కి చెక్కమేకుతో బిగించాలి. నా మాత ఎడమచేత్తో పైవస్త్రాన్ని పట్టుకుని, కుడి అరచేతిని రొమ్ము మీద ఆనించి ఉంటుంది. రెండూ దుంగలో భాగాలే. రీమెన్‌ష్నైడర్ చేతులు పొడవుగా, ఎముకలు కనిపించేటట్లు, అరచేతి వెనకవైపు నరాలు తేలి ఉంటాయి. వేళ్లు ఒకదానితో ఒకటి సమానంగా ఉండవు. చిటికెన వేలు కొంచెం దూరంగా జరిగి ఉండటం వల్ల చేయి నిజంగా ఒక బరువు మోస్తున్నట్లు అనిపిస్తుంది.

ఆయన చేతుల గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. 1520లో ఆయన నగర మేయరయ్యాడు. 1525 రైతాంగ తిరుగుబాటులో నగర మండలి పాలకుడైన బిషప్ పక్షం వహించలేదు. తిరుగుబాటు అణచివేత తరవాత ఆయనను కోటలో బంధించి హింసించిన మాట వాస్తవం. చేతులు విరిచేశారని, అందువల్లనే ఆ తరవాత శిల్పాలు లేవని చెప్పే కథకు మాత్రం ఆనాటి ఆధారం లేదు. 1527లో కిట్సింగెన్ సన్యాసినుల చర్చి పనికి ఆయనకు సొమ్ము చెల్లించిన దాఖలా ఉంది. ఆయన బాధను పెద్దది చేసి చెప్పనవసరం లేదు. ఆస్తిలో భాగాన్నీ మండలిలో స్థానాన్నీ కోల్పోయిన ముసలి శిల్పి కథ ఉన్నదున్నట్లుగానే బరువైనది.

ముఖం దగ్గర నేను చాలా నెమ్మదించాను. పద్నాలుగో శతాబ్దం తొలినాళ్లలో రైన్ ప్రాంతంలో చేసిన మృతక్రీస్తును ఒడిలో పెట్టుకున్న మాత విగ్రహాలు వేదనను దాచవు. నేడు బాన్ మ్యూజియంలో ఉన్న, రోట్గెన్ పేరుతో పిలిచే విగ్రహం 89 సెంటీమీటర్ల ఎత్తే అయినా, క్రీస్తు గాయాలనుంచి రక్తం ద్రాక్షగుత్తుల్లా గడ్డకట్టి ఉంటుంది, తల వెనక్కి విరిగి వేలాడుతుంది, మాత ముఖం బాధతో వికృతమై ఉంటుంది. ప్రార్థన చేసేవారు తమ శరీరంలో ఆ నొప్పిని అనుభవించాలన్నది దాని ఉద్దేశం. గుడ్ ఫ్రైడే నాడు సాయంకాల ప్రార్థన వేళ, శిలువనుంచి దించిన దేహాన్ని తలచుకుంటూ వాటి ముందు మోకరిల్లేవారు. 1500 వచ్చేసరికి ఫ్రాంకోనియాలో దుఃఖం లోపలికి వెళ్లింది. నోరు మూసి ఉంటుంది, కన్నీటి బొట్టు ఉండదు. పైరెప్ప బరువుగా కిందికి దిగుతుంది, కింది రెప్ప కింద రెండు సన్నని ముడతలు పడతాయి, కనుబొమల లోపలి కొసలు కొంచెం పైకి లేస్తాయి. అంతటితో ఆగిపోతారు.

ఈ రెండింటిలో ఏది గొప్పదని నన్నడిగితే రోట్గెన్ విగ్రహం ముందు నేను ఎక్కువసేపు నిలబడలేను. ఫ్రాంకోనియా మాత ముందు గంటలకొద్దీ నిలబడగలను. భక్తి శిల్పానికి ఇది ముఖ్యమైన తేడా. దినదినమూ ఎదుటపడే విగ్రహం చూసేవారి సొంత దుఃఖానికి చోటివ్వాలి. అందుకే ముఖంలో ఎంత తక్కువ మార్పుతో ఎంత చెప్పవచ్చో అంతే చేశాను. ఎడమ కనురెప్పను కుడిదానికంటే ఒక వెంట్రుకవాసి కిందికి దించాను. వెలుగు ఎడమనుంచి పడుతున్నందున ఆ రెప్ప నీడ కంటిలోకి దిగి, చూపు నేలకు వాలినట్లు కనిపిస్తున్నది. ముసుగు అంచును ముఖంనుంచి రెండు సెంటీమీటర్లు ముందుకు తెచ్చి లోపల తొలిచాను. నుదురు సగం నీడలో ఉంటుంది.

ఆగస్టు: రంగు వేయాలా, వద్దా

మధ్యయుగపు చెక్క విగ్రహాల్లో అత్యధికం రంగులు వేసినవే. చెక్కను ముందు జిగురునీటితో తడిపి, అతుకుల మీదా ముళ్ల మీదా నారగుడ్డ అంటించి, సుద్ద కలిపిన జిగురును పలు పొరలుగా పూసి నునుపు చేసేవారు. ఆల్ప్స్‌కు ఉత్తరాన ఆ పూతకు సుద్దరాయి, దక్షిణాన జిప్సం వాడటం ఆనవాయితీ. బంగారం వచ్చే చోట ఎర్రమట్టి పూసి, దానిమీద బంగారు రేకు అద్ది, నునుపైన గట్టి రాయితోనో జంతువు పన్నుతోనో రుద్ది మెరుపు తెచ్చేవారు. నీలానికి అజురైట్ అనే నీలిరాయి పొడి, చర్మపు ఛాయకు నూనెరంగులు. ఈ పని శిల్పిది కాదు, రంగు వేసే నిపుణుడిది. దానికి అయ్యే ఖర్చు తరచుగా చెక్కడానికి అయ్యే ఖర్చును మించేది.

మ్యున్నర్‌ష్టాట్ చర్చి కోసం 1490లో రీమెన్‌ష్నైడర్‌తో కుదిరిన మగ్దలేన మరియ పూజాపీఠం ఒప్పందం 145 గుల్డెన్లకు (ఆనాటి నాణేలు). 1492లో పూర్తయిన ఆ పీఠానికి ఆయన రంగులు వేయించలేదు. చెక్క ఛాయ కనబడే పలుచని వర్ణపు పూత మాత్రమే పూసి, కనుపాపలకు నలుపు, పెదవులకు ఎరుపు అద్దించాడు. పన్నెండేళ్లు గడిచేసరికి ఊరివారు న్యురెంబెర్గ్ శిల్పి ఫైట్ ష్టోస్‌ను పిలిపించి, 1504–05లో దానికి రంగులూ బంగారమూ వేయించారు. ష్టోస్ పత్రాల ఫోర్జరీ కేసులో చెంపల మీద వాతలు పడి, న్యురెంబెర్గ్ విడిచి అల్లుడి దగ్గరకు వచ్చి ఉన్న కాలం అది. పీఠానికి ఇరుపక్కల తలుపుల్లా ఉండే రెక్కల మీద సెయింట్ కిలియన్ కథను నాలుగు చిత్రాలుగా గీసిందీ ఆయనే. ఆ తరవాతి శతాబ్దాల్లో పీఠాన్ని విడదీశారు, రంగులు గీకేశారు. మగ్దలేన విగ్రహం నేడు మ్యూనిక్‌లో, నలుగురు సువార్తికులు బెర్లిన్‌లో ఉన్నారు.

ఆ ఊరివారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. బంగారం లేని పీఠం వారి కళ్లకు పూర్తికాని పని. అయినా నా మాతకు నేను రంగు వేయడం లేదు. కారణం రుచి కాదు. సుద్దపూత కనీసం అర మిల్లీమీటరు మందం తెస్తుంది. కింది రెప్ప ముడతలు, రెప్ప అంచు దాని కింద మూసుకుపోతాయి. రంగు వేయబోయే విగ్రహంలో అటువంటి సూక్ష్మరూపాన్ని రంగు నిపుణుడు కుంచెతో తెస్తాడు, శిల్పి స్థూలరూపం ఇచ్చి ఆగిపోతాడు. రంగులేని విగ్రహంలో శిల్పే అంతా చెప్పాలి. నేను మొదటినుంచీ రెండో దారిలో చెక్కాను కనుక, ఇప్పుడు మొదటి దారికి మారితే రెంటికీ న్యాయం జరగదు.

గుడ్డు తెల్లసొనను బాగా గిలకొట్టి, తేరుకున్నాక పైకి వచ్చిన పలుచని ద్రవంలో పసుపు కావి, చిటికెడు దీపపు మసి కలిపి పూత తయారుచేసుకున్నాను. ముందుగా మిగిలిన దుంగ ముక్కల మీద వేర్వేరు గాఢతల్లో పూసి చూశాను. మసి ఎక్కువైతే చెక్క మురికిపట్టినట్లు అయిపోతుంది, కావి ఎక్కువైతే తేనెరంగు మరీ తీపిగా కనిపిస్తుంది. సరైన పాళ్లలో పూసినప్పుడు మాత్రం పచ్చి చెక్కలో కనిపించే మరకలు, వలయాల గీతలు సద్దుమణిగి, రూపమొక్కటే మిగులుతుంది. ఇటువంటి పూత పాలిపోయిన చెక్కను అలంకరించడానికి కాదు, చెక్క సొంత చారలు ముఖపు రేఖలతో పోటీ పడకుండా చూడటానికని ఆ నమూనా ముక్కలు చూశాకే నాకు అర్థమైంది.

పైవస్త్రం అంచున చిన్న ఇనుప అచ్చులతో చుక్కల పట్టీ కొట్టాను. రంగులేని శిల్పాల్లో జరీ అంచును ఇలాగే సూచించేవారు. చుక్కల గరుకుదనం వెలుగును చెదరగొట్టి, పక్కనున్న నునుపు గుడ్డకంటే కొంచెం ముదురుగా కనిపిస్తుంది.

సెప్టెంబరు: ప్రస్తుత స్థితి

పూత పైనుంచి కిందివరకు ఒక పొర పడింది. రెండో పొర ముఖానికి వేయను. మడతల లోయలకు మాత్రమే వేసి తుడుస్తాను. కనుపాపలకు నలుపు ఇంకా పెట్టలేదు. విగ్రహాన్ని నిలపబోయే ఎత్తు తేలాకే అది చేయాలి, ఎందుకంటే చూపు ఎక్కడ పడుతుందన్నది చూసేవారి కంటి ఎత్తును బట్టి మారుతుంది. నెత్తిమీది రంధ్రానికి బిరడా సిద్ధంగా ఉంది.

వెనకభాగంలో మందాన్ని మళ్లీ కొలిచాను. ఏప్రిల్‌తో పోలిస్తే వెనక తెరుపు అంచులు నాలుగు మిల్లీమీటర్లు దగ్గరకు వచ్చాయి. ముందువైపు ఎక్కడా బీట లేదు. ముడికి వేసిన అతుకు చుట్టూ వెంట్రుకంత గీత కనిపిస్తున్నది. చలికాలం గదులు వేడిచేసే రోజుల్లో గాలి మరింత పొడిబారుతుంది కనుక అది ఎంతవరకు తెరుచుకుంటుందో చూసి, అప్పుడు లిండెన్ పేడు ఒకటి సన్నగా చెక్కి దూర్చాలి. అంతవరకు విగ్రహాన్ని కొట్టంలోనే ఉంచి, వారానికోసారి తెరుపు వెడల్పు కొలిచి ఇక్కడ రాస్తాను.